పక్క గది లేని చోటు

ఎండు మెత్తళ్ళ చేపలకు తలలు గిల్లుతూ పెరటి గుమ్మంలో కూర్చుని ఉండగా మా ఆయన కొట్టు నుంచి వేళ కాని వేళ ఇంటికి వచ్చాడు. ఆయన అలా వస్తే ముందు నా చేతులు ఆగిపోతాయి. ఏం మర్చిపోయానో, ఎవరితో ఏం మాట్లాడానో పొద్దుట్నుంచీ జరిగినదంతా వెనక్కి తిప్పుకుని వెతుక్కుంటాను. ఆ రోజు మాత్రం ఆయన మొహం నిండా నవ్వుంది.

“ఒసే సంధ్యా, సేతులు కడుక్కురా. పాస్‌పోర్టుకి ఫొటో తీయించుకోవాలి నువ్వు. మనం మారిషస్ ఎల్తన్నాం.”

చోడవరం మెయిన్ రోడ్డు మీద మాకు ఎరువులు, పురుగుమందుల కొట్టుంది. టార్గెట్ దాటిన డీలర్లను కంపెనీ వాళ్ళు ఏటా ఏదో ఒక దేశం తీసుకెళ్తారు. ఇదివరకు డీలర్లు మాత్రమే వెళ్ళేవారు. ఈసారి జంటలుగా రమ్మన్నారట. “పెళ్ళాన్ని తేకపోతే ఆ సీటు పోతాదంట అమ్మా,” అని ఆయన వాళ్ళమ్మకు వివరంగా చెప్పాడు. సీటు పోకుండా ఉండడానికి నేను వెళ్తున్నానని అలా తెలిసింది. ఆయన భోంచేసి కునుకు తీసి లేచేదాకా రోజూ మధ్యాహ్నం కొట్లో కూర్చునేది నేనే. మందుల వాసనకు తల దిమ్మెక్కిపోతుంటే రైతులకు డబ్బాలు తీసిచ్చేది నేనే. ఆ టార్గెట్‌లో నా మధ్యాహ్నాలు కూడా ఉన్నాయి. “నా కష్టానికి కంపెనీ ఇచ్చిన మర్యాద ఇది,” అన్నాడాయన. నేను చేతులు కడుక్కున్నాను. మెత్తళ్ళ వాసన పోలేదు.

మా అత్త అప్పలనరసమ్మ గడపలో కాళ్ళు చాపుకుని వింటోంది. “పెట్టి పుట్టేవే,” అంది. “మీ మాఁవ నన్ను సింహాచలం కూడా తీసుకెల్నేదు. నీకేమో ఇమానం. మా కాలంలో కోడళ్ళు నోరెత్తితే సివాట్లు, ఇప్పుడు కోడళ్ళకి సముద్రాలు దాటడాలు.”

వీధిలో అందరికీ తెలిసిపోయింది. పాలు పోసే ఆమె కూడా ఆగి నా మొహం కేసి కొత్తగా చూసింది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా గౌతమి ఫోన్లో ఎగిరి గంతేసింది. “అమ్మా, సుట్టూ సముద్రమే. నువ్వు ఫ్లైట్లో కిటికీ సీటు అడుగు. అక్కడ అన్ని రకాల మనుషులూ ఉంటారంట. గుడి, మసీదు, చర్చి, చైనా వాళ్ళ గుడి, అన్నీ ఒకే వీధిలో ఉంటాయంట,” అంటూ ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. దాని సంతోషం వింటూ “ఊఁ, ఊఁ” అన్నాను. ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగబోతే గ్లాసు పళ్ళకు తగిలి టకటకమంది.

మా ఆయన గౌరీశంకర్ తాగడు. పేకాడడు. ఊళ్ళో ఏ ఉత్సవానికైనా ముందు ఆయన దగ్గరకే వస్తారు చందా పుస్తకం పట్టుకుని. కొట్టినా మొహం మీద కొట్టడు. మొహం మీద కొడితే మర్నాడు కొట్లో కూర్చోబెట్టడానికి పనికిరాను కదా. చెయ్యి మెలిపెడతాడు, జుట్టు పట్టి గోడకు అదుముతాడు. గౌతమి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అది నిద్రపోయిందో లేదో చూసుకునేవాడు. “సదువు బాగుంటాది” అని దాన్ని హాస్టల్లో వేశాక ఆ చూసుకోవడం మానేశాడు. కంపెనీ సేల్స్ అబ్బాయి ఏదో జోకేస్తే నేను నవ్వానని, ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నం కంచాలు ఇంకా తియ్యనే లేదు, నా గొంతు మీద చెయ్యి వేశాడు. కళ్ళ ముందు గది పసుపుపచ్చగా అయిపోయింది. అప్పుడు పక్క గదిలోంచి మా అత్త దగ్గింది. ఖళ్ళు ఖళ్ళుమని, ఆగకుండా. ఆయన చెయ్యి తీసేశాడు. చొక్కా సర్దుకుని “టీ పెట్టు,” అన్నాడు.

ఆ తర్వాత గమనించాను. ఆయన గొంతు తగ్గిందంటే, గది తలుపు మూసిన చప్పుడైందంటే, పక్క గదిలో ఆమె దగ్గు మొదలవుతుంది. మర్నాడు పొద్దున్న ఆమె ఏమీ ఎరగనట్టు “చారులో ఉప్పెక్కువైంది, సేతులకి ఎముకల్లేవేటి నీకు,” అని విసుక్కుంటుంది. నేనూ ఏమీ ఎరగనట్టు చారులో నీళ్ళు కలుపుతాను.

ఇంటి పనుల గురించి ఎవరైనా అడిగితే వంట, అంట్లు, బట్టలు, కొట్టు అని చెబుతాను. అన్నిటికన్నా పెద్ద పని ఎప్పుడూ చెప్పలేదు. చెప్పుల చప్పుడును బట్టి ఆయన మనసు చదవడం, కూర ఎలా ఉందని అడక్కుండానే మొహం చూసి తెలుసుకోవడం, ఫోన్ మోగితే అవతల ఎవరో ఆయనకు వినబడేలా పేరు పెట్టి పలకరించడం. ఈ పనికి ఆదివారం కూడా సెలవు లేదు. అంత జాగ్రత్తగా ఉన్నా నన్ను ఇన్నాళ్ళు కాపాడింది నా జాగ్రత్త కాదు. పక్క గదిలో ముసలామె, పక్కింటి అచ్చియ్యమ్మ పిన్ని గిన్నెల చప్పుడు, సందులో తిరిగే ఆటోలు, ఒంటి ఇటిక గోడలు. ఎవరో ఒకరు వింటారన్న బెదురు ఆయన చేతిని కొంచెంలో ఆపుతూ వచ్చింది. ఇప్పుడా బెదురు లేని చోటికి నన్ను తీసుకెళ్తున్నాడు. చుట్టూ సముద్రం.

పాస్‌పోర్టు ఎంక్వయిరీకి ఒక కానిస్టేబుల్ ఇంటికి వచ్చాడు. నడివయసు మనిషి. హాల్లో కూర్చుని వివరాలన్నీ అడిగాడు. “మీ మీద కేసులేవైనా ఉన్నాయామ్మా?”

నేను నోరు తెరిచేలోపు మా ఆయన నవ్వేశాడు. “దీని మీద కేసులేటి బాబూ! గుమ్మం దాటితే దారి తెలీదు దీనికి.”

టీ అందిస్తుంటే పైట జారింది. మోచేతికి పైన మా ఆయన వేళ్ళు పడ్డ చోట నీలం పోయి ఆకుపచ్చగా తేలి ఉంది. కానిస్టేబుల్ చూశాడు. చూశాడని నాకు తెలుసు, ఆయన కళ్ళు అక్కడ ఆగాయి. తర్వాత కప్పు కేసి చూసుకుని ఒక గుక్క తాగాడు.

“టీ బాగుందమ్మా,” అన్నాడు.

పాస్‌పోర్టు వచ్చేసింది. ఈలోగా నాకు నేను ధైర్యం చెప్పుకుంటూనే ఉన్నాను. గ్రూపుగా వెళ్తున్నాం కదా. రావికమతం డీలరు భార్య వస్తుంది. ఆమెను ఒక పెళ్ళిలో చూశాను, నలుగురిలో గట్టిగా నవ్వే మనిషి. బుచ్చయ్యపేట వాళ్ళొస్తారు. ఒకే హోటలు, ఒకే వరండా, పక్కపక్క గదులు. గోడలు అక్కడా ఉంటాయి కదా అనుకున్నాను.

టిక్కెట్ల పని మీద విశాఖపట్నంలో ట్రావెల్స్ ఆఫీసుకు నన్ను కూడా తీసుకెళ్ళాడు. కీర్తి అనే అమ్మాయి మా ముందు కంప్యూటర్ తిప్పి ఫొటోలు చూపించింది. “మనోళ్ళు కూడా ఉన్నారు ఆంటీ అక్కడ. ఎప్పుడో తాతల కాలంలో చెరుకు కొట్టడానికి ఓడల్లో వెళ్ళిపోయిన తెలుగోళ్ళు. తమిళులు, బీహారు వాళ్ళు, ముస్లింలు, చైనీయులు, ఆఫ్రికా నుంచి వచ్చిన వాళ్ళు, అందరూ కలిసే ఉంటారు. ఊళ్ళ మధ్య అంతా చెరుకు తోటలే, మీ చోడవరంలాగే.”

నిజంగానే మా ఊళ్ళాగే ఉంది ఫొటోలో. మట్టి దారి, రెండు పక్కలా చెరుకు. చివర మాత్రం నీలంగా సముద్రం. ఆ ఓడలెక్కిన వాళ్ళలో ఆడవాళ్ళూ ఉండే ఉంటారు. ఎవరి వెనక ఎక్కారో, ఎవరికి భయపడి ఎక్కారో అనుకున్నాను.

“గ్రూపు టూరు అయ్యాక మేం ఇంకో మూడ్రోజులు ఉంటాం,” అన్నాడు మా ఆయన. “మేమిద్దరమే. మంచి రూమొకటి సూడమ్మా.”

ఈ మాట నాకు అంతవరకూ చెప్పలేదు. కీర్తి హుషారుగా ఒక్కో గదీ చూపిస్తూ పోయింది. పెద్ద హోటలు గదులు ఆయనకు నచ్చలేదు. చివరకు ఒకటి చూసి ముందుకు వంగాడు. ఒడ్డు చివర, కొబ్బరి చెట్ల మధ్య, తాటాకు కప్పుతో ఒంటరి కాటేజీ.

“ఇది సూపర్ సార్. పక్కన రూములేవీ ఉండవు. ఫుల్ ప్రైవసీ. సముద్రం చప్పుడు తప్ప ఇంకేం వినబడదు.”

“అదే కావాలమ్మా,” అన్నాడు.

ఫోన్ వస్తే మాట్లాడడానికి బయటకు వెళ్ళాడు. అద్దాల తలుపు అవతల ఆయన నవ్వుతూ అటూ ఇటూ నడుస్తున్నాడు. ఎవరు చూసినా మంచివాడనుకునే నవ్వు. ఆయన వీపు ఇటు తిరిగిన క్షణం చూసి అడిగాను.

“అక్కడ ఏ బాష మాట్లాడతారమ్మా?”

“ఇంగ్లీషుంటుంది, ఫ్రెంచుంటుంది. మామూలుగా అందరూ మాట్లాడేది క్రియోల్ అంట ఆంటీ.”

“ఆ బాషలో... మనిషికి ఏదైనా ఆపదొస్తే ఏటని అరవాలి?”

కీర్తి నవ్వబోయి నా మొహం చూసి ఆగింది. ఫోన్లో వెతికింది. “‘ఎద్ మ్వా’ అంటారంట. నాకు సాయం చెయ్యండి అని.” మెల్లగా అడిగింది. “సముద్రమంటే భయమా ఆంటీ?”

అద్దం అవతల ఆయన ఫోన్ జేబులో పెట్టుకుంటున్నాడు.

“అవునమ్మా,” అన్నాను.

తిరుగుదారిలో కారు ఆయనే నడిపాడు. అనకాపల్లి దాటాక చెరుకు ట్రాక్టర్ల వెనక చిక్కుకుపోయాం. ఇంకో రోజైతే ఆ ఆలస్యానికి కూడా నన్నే తిట్టేవాడు. ఆ రోజు స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చున్నాడు. ట్రాక్టరు కేసే చూస్తూ అన్నాడు. “మన ఇంట్లో పెళ్ళాన్ని గట్టిగా ఒక మాటనడానికి నేదు. పక్క గదిలో అమ్మ దగ్గుతుంటాది. అక్కడైతే ఆ గోల ఉండదు. తీరుబడిగా మాటాడుకుందాం మనం.”

కారులో ఏసీ ఉంది. నాకు వీపు మీద చెమట కారింది. ఆ దగ్గు సంగతి మా ఇద్దరాడవాళ్ళకే తెలుసనుకున్నాను. ఆయనకూ తెలుసు. మొదట్నుంచీ తెలుసు. తెలిసి, ఆ దగ్గు వినబడని చోటు ఏరుకున్నాడు.

ప్రయాణం దగ్గరపడే కొద్దీ ఇంట్లో పని పెరిగింది. “మన గ్రూపందరికీ కందిపొడి, పులిహోర ముద్ద సెయ్యి. అక్కడి తిండి ఆళ్ళకి పడదు. మనకి పేరొస్తాది,” అన్నాడు. పేరెవరికొస్తుందో నాకు తెలుసు. నాకొక పొడుగు గౌను కొనుక్కొచ్చాడు. చేతుల్లేని గౌను. వేసుకుని చూపించమన్నాడు. చూపిస్తే, “అక్కడికెల్లే లోపు ఆ సేతుల మీద మచ్చలు పోయేలా ఏదైనా రాసుకో. అసియ్యంగా ఉంది,” అన్నాడు. మచ్చలు పోవాలంటే కొత్తవి పడకూడదు. అది ఆయనకు చెప్పలేదు.

కందిపప్పు వేయిస్తూ, గరిటె తిప్పుతూ, నాలో నేను గొణుక్కునేదాన్ని. ఎద్ మ్వా. ఎద్ మ్వా. నోరు తిరగాలి. గొంతు మీద చెయ్యి ఉన్నప్పుడు కూడా రావాలి. ఎంత గట్టిగా అరిస్తే ఆ కొబ్బరి చెట్లు దాటి వినబడుతుంది? అలల హోరును మించి అరవగలనా? రేవుపోలవరం దగ్గర ఒకసారి కార్తీక మాసంలో సముద్రం చూశాను. పక్కనున్న మనిషి మాట కూడా గాలి ఎత్తుకుపోయింది.

“ఏటే అది, మంత్రవా?” మా అత్త వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

“ఏం లేదత్తా.”

“రోజూ వింటన్నాను. ఏటది?”

మూకుడులో పప్పు మాడుతోంది. నా చెయ్యి కదలలేదు. “ఆ దేశంలో కాపాడండి అనాలంటే అలా అనాలంటత్తా,” అన్నాను.

ఆమె వచ్చి పొయ్యి కట్టేసింది. పీట లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. మాడిన పప్పు కేసి చూసింది. ఎప్పట్లా “ఇన్ని పప్పులు పాడు సేసేవు” అంటుందేమో అనుకున్నాను.

“బయల్దేరే ముందు రోజు నాను మంచం ఎక్కుతాను,” అంది. “గుండి నొప్పంటాను. ఆస్పత్రంటాడు, తిప్పుతాడు. ఇమానం ఎల్లిపోతాది. నువ్వు కంగారు పడకు.”

నేను మూకుడు దించి కింద పెట్టాను.

“మా అత్తా నా కోసం అలాగే సేసింది,” అంది. “మీ మాఁవ సింహాచలం తీసుకెల్నేదని అంటాను గానీ, నానే ఎల్నేదే. కొండ మీద సత్రంలో ఆడితో ఒక్కదాన్నే ఉండాలంటే నాకు వణుకు. బండి కట్టేక మా అత్త కడుపు పట్టుకుని కింద పడిపోయింది. దేవుడు సెమిస్తాడులే అనుకున్నాం ఇద్దరం.”

ఆమె చెయ్యి నా మోకాలి మీద వేసింది. నేను కాపురానికొచ్చాక ఆమె నన్ను ముట్టుకోవడం జ్వరం వచ్చినప్పుడు తప్ప గుర్తులేదు. నాకు ఏడుపొచ్చింది. అంత బరువు దిగిపోయినట్టనిపించింది. ఈ విమానం తప్పిపోతుంది. నేను ఈ ఇంట్లోనే, ఈ గోడల మధ్యే ఉండిపోతాను.

ఆ మాట మనసులో అనుకోగానే చల్లగా ఇంకో భయం మొదలైంది. ఈమె ఎన్నాళ్ళుంటుంది? ఈమె ఊపిరి ఎన్నాళ్ళు నాకు కాపలా? ఆయన ఈసారి ఆగినా ఇంకోసారి ఇంకో చోటు చూస్తాడు. ఇద్దరు అత్తలు ఇద్దరు కోడళ్ళ కోసం జబ్బులు తెచ్చుకున్నారు. ఏ ఒక్కరూ కొడుకుతో మాత్రం ఒక్క ముక్క అనలేదు. రేపు గౌతమికి పెళ్ళయ్యాక ఎవరింట్లో ఏ గది పక్కన కూర్చుని ఎవరు దగ్గాలి దాని కోసం?

“వద్దత్తా. నేనే సెప్తాను.”

“సంపేస్తాడే.”

“పొద్దున్న సెప్తాను. తలుపులన్నీ తీసి ఉన్నప్పుడు.”

మర్నాడు ఇడ్లీలు పెట్టాను. వీధి తలుపు, పెరటి తలుపు బార్లా తీసి ఉంచాను. సందులో కూరల బండి ఆగి ఉంది. ఆయన తింటూ ఫోన్లో అక్కడి వాతావరణం చూస్తున్నాడు. నేను చట్నీ గిన్నె కింద పెట్టేశాను, చేతిలో ఉంటే ఒలికిపోతుందని.

“నేను రానండి.”

“ఏటి?”

“మారిషస్ రాను.”

తలెత్తి నవ్వాడు. “ఇమానం అంటే బయవేటి?”

“మీరంటే బయం. అక్కడ మీరు కొడితే ఎవరికీ వినబడదు.”

కొట్టడం అనే మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు. అనగానే నాకే చెవుల్లో గుయ్యిమంది. ఆయన నా కేసి కాదు, వాళ్ళమ్మ కేసి తిరిగాడు. మా అత్త గడపలో టీ గ్లాసు పట్టుకుని కూర్చుంది.

“సూసేవా అమ్మా, ఏం కూస్తందో! ఎవురు కొట్టేరే నిన్ను? ఎవురు కొట్టేరు?”

మా అత్త గ్లాసు కింద పెట్టింది.

“నువ్వే కొట్టేవురా,” అంది.

ఆయన మొహంలోంచి నవ్వు ఒకేసారి పోలేదు. కొంచెం కొంచెంగా పోయింది. లేచాడు. నేను గోడకు ఆనుకున్నాను. ఆయన తీసి ఉన్న వీధి తలుపు కేసి చూశాడు, కూరల బండి దగ్గర బేరమాడుతున్న ఆడవాళ్ళను చూశాడు. చేతులు కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

“సాయంత్రం వొచ్చి మాటాడతాను,” అన్నాడు. గొంతు బాగా తగ్గించి అన్నాడు.

ఆ రోజంతా ఎలా గడిచిందో చెప్పలేను. మధ్యాహ్నం కొట్టుకు వెళ్ళలేదు. ఫోన్ మోగింది, తియ్యలేదు. మళ్ళీ మళ్ళీ మోగి ఆగిపోయింది, అది ఇంకా భయంగా ఉంది. అన్నం వండి, తినకుండా మూత పెట్టాను. మా అత్త పక్క గదిలో పడుకోలేదు. హాల్లో, నాకు కనబడే చోట కూర్చుంది. గోడ నీడ గేటు దాకా పాకింది.

లేచి చీర సర్దుకుని పక్కింటికి వెళ్ళాను. అచ్చియ్యమ్మ పిన్ని అరుగు మీద చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను చూసి “ఏటమ్మాయ్, ఇమానం ఎప్పుడు?” అంది.

“పిన్నీ, మా ఆయన నన్ను కొడతాడు,” అన్నాను. గొంతు నాది కానట్టుంది. అయినా ఆపలేదు. “ఈవేళ కూడా కొడతాడు. కేకేస్తాను. నువ్వు రావాలి. ఒక్కదానివి కాదు, నలుగుర్ని తీసుకుని రావాలి.”

ఆమె చేతులు చింతపండులోనే ఆగిపోయాయి. “తెల్సమ్మా,” అంది. “మీ గోడకీ మా గోడకీ మద్దిన ఏటుంది? అన్నీ వినబడతాయి. నువ్వు సెప్పకండా మేవెలా వొస్తాం అనుకున్నాం.”

ఇన్నేళ్ళూ విన్నారు. టీవీ గొంతు పెంచుకుని విన్నారు. నాకు కోపం వచ్చింది, ఆమె మీదా, నా మీదా.

“ఇప్పుడు సెప్పేను కదా పిన్నీ.”

ఆమె చింతపండు పళ్ళెం పక్కకు జరిపి నాకు చోటిచ్చింది. లోపలికి కేకేసి కోడళ్ళను పిలిచింది. మా అత్త కూడా మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి మెట్టు మీద కూర్చుంది. అందరం గింజలు తీస్తూ కూర్చున్నాం.

దీపాల వేళకు సందు మొదట్లో ఆయన బండి చప్పుడు వినబడింది. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆ చప్పుడు వినగానే పొయ్యి మీద ఏదున్నా వదిలి గేటు తియ్యడానికి పరిగెత్తేదాన్ని. బండి వచ్చి మా గేటు ముందు ఆగింది. హారన్ మోగింది. మళ్ళీ మోగింది, ఈసారి చాలాసేపు. ఆయన తల తిప్పి అరుగు మీద ఉన్న మా అందరినీ చూశాడు.

నేను లేవలేదు.